టెంక దాకా

మే 6, మంగళవారం

తరళా, నిన్న ఫోనులో నువ్వు "నీ తోటలో ఉన్నవి పదిహేడే కదా అమ్మమ్మా" అన్నావు. పదిహేడు కాదు, పద్దెనిమిది. పదిహేడన్నది మీ రకాల నమోదు శాఖ లెక్క. అదీ నిన్న ఉదయం తొమ్మిదిన్నరకి మొదలైన లెక్క. చెట్లు నా పెరట్లో ఉన్నాయి, రోజూ వాటి మధ్య తిరుగుతున్నది నేను, లెక్కపెట్టడం ఇంకా మరిచిపోలేదు.

జరిగింది జరిగినట్టు తేదీ వేసి రాయమన్నావు. రాతలో ఉంటేనే పైవాళ్లు చూస్తారన్నావు. ముప్పై రెండేళ్లు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి, పిల్లల రికార్డులు ఎర్రసిరాతో కొట్టేసినదాన్ని. ఇప్పుడు నా వంతు వచ్చింది. రాస్తున్నాను.

నిన్న తనిఖీదారు త్రివిక్రమ్ వచ్చాడు. నలభై లోపు మనిషి. చొక్కా నలగదు, మాట కూడా నలగదు. వెంట రుచిమాపకం తెచ్చాడు. టిఫిను డబ్బా అంత పెట్టె, దానికో బోలు సూది. చెట్టు మీద నుంచి కోసిన గంటలోపు కాయలో గుచ్చాలట. ఆలస్యమైతే జనం చక్కెర నీళ్లు ఎక్కించి రకం మార్చేస్తున్నారట. కాబట్టి ఈ రాష్ట్రంలో మామిడిపండు రుచి ఏమిటో పచ్చికాయను గుచ్చి తేలుస్తారు. పిల్లవాడి గొంతు ఎలా ఉంటుందో ఉయ్యాల్లో ఉండగానే తేల్చినట్టు.

పద్దెనిమిదో చెట్టు కాయలు మూడు గుచ్చాడు. నాలుగో నంబరు పెద్ద రసంతో నూటికి తొంభై ఏడు పాళ్లు కలిసిందన్నాడు.

"నకలు చెట్టండీ. ఒక ఇంట్లో ఒక రకానికి ఒకటే ఉండాలి కదా" అన్నాడు.

"ఇది టెంక నుంచి లేచింది నాయనా. టెంక మామిడి తల్లికి నకలు కాదు. కావాలంటే జన్యువులు చూడండి" అన్నాను.

"జన్యువులు చూడటం ఆపేశామండీ. ఏ టెంక మొలిచినా వేరే రకమే అని వస్తోంది. అన్నిటికీ నీళ్లెక్కడివి?"

ఇందులో న్యాయం లేదని నేననను. ఊళ్లకు ఊళ్లు ఒకే బంగినపల్లి అంటు వేసుకుని, ఒకే తెగులుకి ఒకే వేసవిలో పోగొట్టుకున్న రోజులు నేను చూశాను. ఆ తర్వాతే కదా ప్రభుత్వానికి జ్ఞానోదయమై, ఎన్ని రకాలుంటే అన్ని వంతుల నీళ్లు అన్నది. చెట్టుకో రాగి బిళ్ల కట్టింది. బిళ్ల కనిపిస్తేనే గొట్టం తెరుచుకుంటుంది. బిళ్ల కనిపిస్తేనే పూతలో మర తేనెటీగలు వాలతాయి. అసలు తేనెటీగలున్న రోజుల్లో అవి ఎవరి బిళ్లా అడగలేదు.

బిళ్ల విప్పి జేబులో వేసుకున్నాడు. మే 26 సోమవారం చెట్టు కొడతారట. ఇంతలో పదింటి సైరను మోగింది. ఎండ తగలకుండా ఊరి మీద నీడపట్టా పరుచుకోవడం మొదలైంది. ఆయన వెళ్లిపోయాడు.

ఆ చెట్టుకి ఇది మొదటి కాపు. తొమ్మిదేళ్లకి పదమూడు కాయలు. మూడు సూదికి పోయాయి. పది ఉన్నాయి.

మే 8, గురువారం

బిళ్ల లేదు కాబట్టి గొట్టం తెరుచుకోలేదు. నా స్నానం నీళ్లు బకెట్టుతో మోస్తున్నాను. నిన్నటి నుంచి సబ్బు మానేసి శనగపిండి వాడుతున్నాను. ఈ ముక్క పైవాళ్లకు అనవసరం, అయినా ఉండనీ. కొట్టేయడం అలవాటైన చేతికి కొట్టేయకుండా వదిలేయడంలోనూ ఒక సుఖం ఉంది.

పక్కింటి జుబేదా గోడ మీంచి చూసింది. నీకు గుర్తుందో లేదో, చిన్నప్పుడు నీ జడలో కనకాంబరాలు పెట్టేది. వాళ్ల నాన్న నూజివీడు వైపు తోటలు గుత్తకి తీసుకుని కాయ ఎగుమతి చేసేవాడు. ఆమె కాయలు మాగేసే కొట్టంలోనే పుట్టిందంటారు. ఆమె కూడా అదే చెప్పుకుంటుంది, గొప్పగా.

"ఏం మేడంగారూ, చెట్టుకి తలంటు పోస్తన్నారా?"

"కాళ్లు కడుగుతున్నాను."

"సార్ చెట్టు కదా అది. కడగాల్సిందేలే."

సార్ చెట్టు అంటే మీ తాతయ్య చెట్టు. ఆయన అరుగు మీద కూర్చుని రసం పీల్చి, టెంక నీళ్ల డ్రమ్ము వెనక్కి విసిరేవాడు. చెత్తబుట్ట పక్కనే ఉండేది. ఇరవై ఏడేళ్లు అదే చెప్పాను, ఇరవై ఏడేళ్లు విసిరాడు. ఒకటి మొలిచింది. నేను చూసేసరికి మోకాలెత్తు. "చూశావా, నా వ్యవసాయం" అన్నాడు. ఆయన జన్మలో నాటిన చెట్టు అదొక్కటే, అదీ చెత్త పారేసే క్రమంలో. కాపు చూడకుండానే పోయాడు. ఆ సంగతి నీకు తెలుసు.

సాయంత్రం నువ్వు ఫోను చేసి, "యంత్రానికి నీ మీద పగా అమ్మమ్మా, అబద్ధం చెప్పడానికి?" అన్నావు. లేదు. చూపు సరిగా లేనివాడికి కూడా ఎవరి మీదా పగ ఉండదు.

మే 11, ఆదివారం

శాఖ నిబంధనలు నూట పన్నెండు పేజీలు. రెండు రోజులు పట్టింది. రాసినవాడు నా విద్యార్థి అయ్యుంటే వాక్యం ఎక్కడ ముగించాలో నేర్పి పంపేదాన్ని.

ఎనభై ఎనిమిదో పేజీలో ఉంది. చెట్టు కొట్టే రోజున యజమాని కోరితే రెండో పరీక్ష చేయాలి. యజమాని సొంతంగా మాగబెట్టిన పండైనా ఫరవాలేదు. మూడు పళ్లుండాలి. ఈసారి వచ్చిన ఫలితమే తుది. మూడు లేకపోతే ఏమవుతుందో కిందెక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. కళ్లద్దాలు మార్చుకుని చదవాలి, తర్వాత చూస్తాను.

కాబట్టి నాకు కావలసింది 26న మూడు మంచి పళ్లు. ముందుగా నేనే రుచి చూడటానికి రెండు కాయలు కోసి మీ శాఖవాళ్లిచ్చిన పండపెట్టెలో పెట్టాను. నాలుగు రోజుల్లో ఏ కాయనైనా పండిస్తుందని మూత మీద రాసి ఉంది.

చెట్టు మీద ఎనిమిది.

మే 14, బుధవారం

గాలిదుమారం. నీడపట్టా చిరిగి రెండు వీధుల మీద వేలాడింది. నాలుగు కాయలు రాలాయి, రాలినవి పగిలాయి. జుబేదా వాటిని ఏరుకుని వెళ్లి గంటలో తొక్కు నూరి గిన్నె గోడ మీద పెట్టింది. "ఏడవడానికి కూడా అన్నంలోకి ఏదో ఒకటి ఉండాలి కదా మేడంగారూ" అంది. తొక్కు బాగుంది. అది నాకు ఇంకా కోపం తెప్పించింది.

నాలుగున్నాయి.

మే 15, గురువారం

పండపెట్టె తెరిచాను. కాయలు రెండూ పసుపుపచ్చగా, నున్నగా, బొమ్మల కొలువులో పెట్టదగ్గట్టు ఉన్నాయి. నా తోట పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. అందులో ప్రతి చెట్టుకీ ఒక పుట ఉంది. "సువర్ణరేఖ: మొదటి ముద్ద దగ్గర అందం, మూడో ముద్ద దగ్గర నీళ్లు. తెల్ల నేరేడు: గొంతు గీరుకుంటుంది, అయినా చేయి ఆగదు. రామాఫలం: ఇసుకలో మీగడ. వాక్కాయ: పప్పులో వేస్తే దేవత, విడిగా అయితే శత్రువు. జలాలు మామిడి: పీచు తప్ప ఇంకే లోపమూ లేదు, ఆ పీచే సగం పండు." ఇలా నలభై ఏళ్లవి. రెండు సెంటీమీటర్ల ముక్క, గది వేడి, నోరు పుక్కిలించి తినడం. పద్ధతి అంటే పద్ధతి.

పద్ధతి ప్రకారం కత్తి తీసి చెక్కలు కోశాను, ముక్కలు చేశాను, తిన్నాను. పక్కన నాలుగో నంబరు పెద్ద రసం ముక్క కూడా పెట్టుకున్నాను. కళ్లు మూసుకుని పళ్లేలు తారుమారు చేసి మళ్లీ తిన్నాను.

ఒకటే. అదే పులుపు, అదే పీచు, అదే చప్పదనం.

తరళా, నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. అరగంట సేపు కుర్చీలోంచి లేవలేదు. యంత్రం చెప్పిందే నా నాలుకా చెప్పింది. ఇక దేని మీద పోట్లాడాలి? ఆ చెట్టు పద్దెనిమిదోది అని నేను పట్టుబట్టడం, అది విసిరినవాడి కోసమే అయ్యుంటే, దానికి ఎనభై ఎనిమిదో పేజీలో చోటు లేదు.

తొక్కు గిన్నె కోసం జుబేదా వచ్చింది. బల్ల మీద ముక్కలు చూసింది, కత్తి చూసింది, నన్ను చూసింది.

"రసాన్ని కత్తెట్టి కోశారా?"

నేను కత్తిని పళ్లెం కిందికి తోశాను.

"నూజివీడు కోడలు అయ్యుండి, సార్ చేతుల్లో పిసికిన రసాలు తిని, మీరు... కోశారా?"

"పుస్తకంలో గళ్లున్నాయి. ముక్క కొలత రాయాలి."

"ఆ గళ్లే కట్టుకు కూర్చోండి ఇక. రసం లోపల్లోపల కదలాల. చేత్తో పిసికితే పీచులోదీ టెంక మీదదీ అంతా ఒకటవుద్ది. కోస్తే ఏముంది, చెక్కలో నీళ్లు నాలుక్కి తగుల్తాయి. టెంకేం చేశారు?"

"చెత్తబుట్టలో వేశాను."

"సార్ నయం" అంది.

ఆ తర్వాత పండపెట్టె సంగతి ఎత్తుకుంది. "దాంట్లో పండదు మేడంగారూ, ఉడుకుద్ది. గడ్డి కావాల. వరిగడ్డిలో వారం రోజులు, మధ్యలో ఒకసారి తిరగెయ్యాల, చెయ్యి పెట్టి వేడి చూసుకోవాల."

వరిగడ్డి ఎక్కడ తెమ్మంటావు? వరి ఇప్పుడు గాజుగదుల్లో నీటి తొట్లలో పండుతోంది. గడ్డిని అక్కడికక్కడే నలిపి ఇటుకలు పోస్తున్నారు. నీ వయసు పిల్లలకి గడ్డి అంటే బొమ్మ.

మే 17, శనివారం

గడ్డి దొరికింది. జుబేదా అమ్మగారి పింగాణీ కప్పులు ఒక చెక్కపెట్టెలో ఉన్నాయి. ఆవిడ పోయినప్పటి నుంచి ఎవరూ విప్పలేదు. కప్పుకీ కప్పుకీ మధ్య గడ్డి కుక్కి ఉంది. జుబేదా ఒక్కో కప్పూ తీసి నా పాత చీరల మధ్య పెట్టి, గడ్డి అంతా దులిపింది. రంగు పోయింది, పట్టుకుంటే పొడిపొడి అవుతోంది, వాసన మాత్రం ఉంది. ఆమె గడ్డిలో మొహం పెట్టి చాలాసేపు తీయలేదు. నేను కప్పులు లెక్కపెడుతున్నట్టు నటించాను. పదకొండు. ఒకటి చెవి విరిగింది.

"నాకొక పండు కావాల" అంది లేచి.

"సగం. నాలుగే ఉన్నాయి, మూడు పరీక్షకి."

"సగమైతే సగం. టెంక నాది."

నాలుగు కాయలూ ముచ్చికతో సహా కోసి, గంపలో గడ్డి మెత్తగా పరిచి పేర్చాం. చెట్టు మీద ఇక ఏమీ లేదు. బకెట్లు మాత్రం మోస్తూనే ఉన్నాను. ఎడమ భుజం నీ గురించి చాలా మాటలు అంటోంది, అవి రాయను.

మే 21, బుధవారం

కాయలు తిరగేశాం. జుబేదా చెయ్యి పెట్టి వేడి చూసి, "కాగుతంది" అంది, పొయ్యి దగ్గర పాలని చూసి అన్నట్టు. నేను ఉష్ణమాపకం పెట్టబోతే చెయ్యి తోసేసింది.

నువ్వు పంపిన సందేశం చూశాను. "ఎలాగూ ఒకటే అని తేలితే ఎందుకమ్మమ్మా ఈ హైరానా, ఆ నీళ్లవంతుకి ఇంకో కొత్త రకం ఇప్పిస్తాను" అన్నావు. నీ మంచితనం నాకు తెలుసు. కొత్త రకం ఇప్పించు, వద్దనను. పందొమ్మిదోది అవుతుంది.

మే 24, శనివారం

ఈ పేజీ పైవాళ్లకు చూపించకు.

ఇల్లంతా వాసన. గంప విప్పగానే నాలుగూ తయారుగా ఉన్నాయి. రంగు పెద్దగా లేదు. రసాలకి రంగుతో పనిలేదు. పెద్దది తీసుకుని, కత్తి బీరువాలో పెట్టి, రెండు అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించాను. లోపల టెంక విడిపోయి కదిలేదాకా. ముచ్చిక గిల్లి, మొదటి బొట్టు, సొన కలిసినది, నేల మీదికి వదిలాను. పీల్చాను.

ముందు తీపి. పెద్ద రసం లాంటి తీపే. రెండో గుక్కలో చిన్న పులుపు. ఇంతదాకా యంత్రం తప్పేమీ చెప్పలేదు. సగం అయ్యాక జుబేదాకి ఇచ్చాను. ఆమె పీల్చి, తొక్క చీల్చి, టెంక నోట పెట్టింది. దవడ ఆగిపోయింది.

"మేడంగారూ. ఇటు రండి."

"టెంక నీదన్నావుగా."

"రండి అంటన్నా."

టెంక తీసుకుని ఒక పక్క పళ్లతో గీరాను. పెద్ద రసానికి టెంక దగ్గర పులుపు ఉంటుంది, నీకు తెలుసు, అందుకే నువ్వు పారేసేదానివి. దీనికి అక్కడ పులుపు లేదు. సోంపు వాసన. కొత్త సోంపు అరచేతిలో నలిపినప్పటి వాసన, దాని వెనక కొంచెం చల్లదనం. గొంతు దిగాక కూడా ఉంది. అరగంట తర్వాత మంచినీళ్లు తాగితే మంచినీళ్లలోనూ ఉంది.

నలభై ఏళ్ల పుస్తకంలో ఇలాంటిది లేదు.

మీ తాతయ్య ఇది తినలేదు. ఆ మనిషి ఏ పండైనా టెంక తెల్లబడేదాకా గీరేవాడు, ఆ చప్పుడుకి నేను లేచి లోపలికి వెళ్లిపోయేదాన్ని. ఇక ఆయన సంగతి చాలు.

అసలు సంగతి ఇది. రుచిమాపకం సూది టెంకకి తగిలితే విరుగుతుందని వేలి మందం ఇవతలే ఆపుతారు. ఇది మీ నిబంధనల్లోనే ఉంది, నలభై ఒకటో పేజీ. అంటే మూడు కాదు, ముప్పై పళ్లు పెట్టినా, గడ్డిలో మాగేసినా, యంత్రం టెంక దాకా రాదు. మళ్లీ తొంభై ఏడే అంటుంది. ఈసారి అదే తుది. మూడు మంచి పళ్లు సిద్ధం చేయాలని మూడు వారాలు చచ్చాను. ఇప్పుడు ఆ మూడు పళ్లే చెట్టుకి గొడ్డలి.

కళ్లద్దాలు మార్చుకుని ఎనభై ఎనిమిదో పేజీ కింద చిన్న అక్షరాలు చదివాను.

మే 26, సోమవారం

త్రివిక్రమ్ ఎనిమిదిన్నరకి వచ్చాడు. జుబేదా అప్పటికే నా ఇంట్లో ఉంది. వెంట కోత యంత్రం బండి. దాన్ని వీధిలో ఆపించాడు, అంత మర్యాద ఉంది.

"మేడమ్, రెండో పరీక్ష కోరారు. పళ్లు మూడూ ఇలా పెట్టండి."

పళ్లెంలో మూడూ పెట్టాను. పళ్లెం రుచిమాపకం ఉన్న బల్ల మీద పెట్టలేదు, ఆయన ముందు పీట మీద పెట్టాను.

"ఎండన పడి వచ్చారు. ఒకటి తీసుకోండి."

"డ్యూటీలో తినకూడదండీ. పైగా ఇవి నమూనాలు."

"నమూనా అయ్యేది మీరు సూది గుచ్చాక. ఇప్పటికి అవి నా ఇంటి పళ్లు, మీరు నా ఇంటికి వచ్చిన మనిషి. ఎనభై తొమ్మిదో పేజీ, రెండో పేరా."

ఆయన పేజీ తీసి చూశాడు. నా మాట మీద నమ్మకం లేక కాదు, ఆ పేజీ ఎప్పుడూ చదవలేదు కనుక. చదివి, పండు వైపు చూశాడు. వాసన అప్పటికే గదిలో ఎవరినీ పని చేయనివ్వడం లేదు.

"కత్తి ఉందాండీ?" అన్నాడు.

జుబేదా నా వైపు చూసింది. నేను గోడ గడియారం చూశాను.

"కత్తి ఎందుకు సార్" అంది జుబేదా. "చొక్కా చేతులు పైకి మడవండి. ఇంకా పైకి."

ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక ముక్కలే తిన్నాడు. పండు ఎలా దొర్లించాలో జుబేదా చూపించింది. గట్టిగా నొక్కితే చీలుతుందని చెప్పేలోపే నొక్కాడు. మోచేతి దాకా కారింది. ఇస్త్రీ చొక్కా మీద జేబు చుట్టూ పసుపు. ఆ జేబులోనే నా చెట్టు బిళ్ల ఉండేది.

సగందాకా మొహంలో ఏమీ లేదు. తర్వాత తొక్క చీల్చి ఆగిపోయాడు.

"ఇక పారెయ్యొచ్చా?"

"టెంక దాకా తినండి" అన్నాను. "యంత్రం రానిచోటికి మీరు రండి."

గీరాడు. ఒకసారి. ఇంకోసారి. తర్వాత కిటికీ వైపు తిరిగి నిలబడి, చిన్నపిల్లాడిలా, అంతా గీరాడు. ఆ చప్పుడు ఆ ఇంట్లో విని ఆరేళ్లయింది. నేను లేచి లోపలికి వెళ్లలేదు.

"ఇది నాలుగో నంబరు కాదండీ" అన్నాడు చివరికి.

"ఈ మాట మీ యంత్రానికి చెప్పండి."

"దానికి తెలిసే దారి లేదు." సూది వైపు చూశాడు, పళ్లెం వైపు చూశాడు. పళ్లెంలో రెండు ఉన్నాయి. ఆయన ఆ రెండూ రెండుసార్లు లెక్కపెట్టాడు. మనిషి తెలివితక్కువవాడు కాదని అప్పుడు అర్థమైంది.

"మూడుండాలండీ రెండో పరీక్షకి."

"ఉన్నాయి నాయనా. మూడోది మీ దగ్గరుంది."

వీధిలో కోత యంత్రం గురకపెడుతోంది. తర్వాత ఆయన చేతులు కడుక్కుని, పుస్తకం తీసి, రాస్తూ బయటికి చదివాడు. "నమూనాలు చాలనందున పరీక్ష జరగలేదు. వచ్చే కాపు వరకు తీర్పు వాయిదా. అంతవరకు చెట్టుకు బిళ్ల, నీరు, తేనెటీగలు కొనసాగించవలెను." చిన్న అక్షరాల్లో ఉన్నది సరిగ్గా ఇదే. కారణం దగ్గర ఒక్క క్షణం ఆగి, "తనిఖీదారు తిన్నందున" అని రాశాడు. కొట్టేయమన్నాను. ఉండనివ్వండి అన్నాడు. సూదిని టెంక దాకా దించే ఉపాయం కోసం పైకి రాస్తానని కూడా అన్నాడు. రాస్తాడో లేదో, చూద్దాం.

గుమ్మం దగ్గర ఆగాడు. టెంక ఇంకా చేతిలోనే ఉంది. "ఇది నేను తీసుకోవచ్చా మేడమ్?"

"మీరుండేది ఎన్నో అంతస్తు?"

"తొమ్మిది."

"అక్కడ మామిడి చెట్టు పెరగదు" అన్నాను. ఆయన టెంక పళ్లెంలో పెట్టబోయాడు. తీసుకువెళ్లండి అన్నాను. వీధి చివర దాకా ఎక్కడ విసరాలా అని అటూ ఇటూ చూసుకుంటూ వెళ్లాడు.

మిగిలిన రెంటిలో ఒకటి జుబేదాకి, ఈసారి పూర్తిగా. రెండోది నీ కోసం గంపలో ఉంది, బుధవారం దాటితే ఉండదు. కనుక బుధవారమే రా. వచ్చేముందు మీ ఆఫీసు కింది అంతస్తులో మూడో కిటికీ దగ్గర పద్దెనిమిదో నంబరు బిళ్ల అడిగి తీసుకో. కాగితం ఈ ఉదయమే చేరింది, చేరలేదంటే త్రివిక్రమ్ పేరు చెప్పు. కట్టడానికి వాళ్లిచ్చే తీగ వద్దను, బెరడు కోసుకుపోతుంది. ఇక్కడ పాత చీర అంచు ఉంది. తర్వాత హాల్లోకి వెళ్లు. అక్కడ "ఒకప్పటి వరి పంట" అని గాజుగది కట్టి చిన్న గడ్డివామి పెట్టారు కదా. దాని తలుపుకి గొళ్లెమే తప్ప తాళం లేదు, పోయిన ఏడు చూశాను. వచ్చే కాపుకి రెండు పిడికిళ్ల గడ్డి చాలు. వెనక వైపు నుంచి తియ్యి, ముందు వైపు తీస్తే బోడిగా కనిపిస్తుంది. తడి తగలకుండా సంచి అడుగున పెట్టి, పైన బిళ్ల పెట్టుకో.